ముప్పాతిక అంగుళం

హోలిస్ ఫెర్రీ ఊళ్లో చర్చిలు ఇరవై రెండు ఉన్నా, దేవుడు మాత్రం ఒక్కడే. ఆయన శనివారం మధ్యాహ్నం రెండున్నరకు హోలిస్ స్టేట్ కాలేజీ ఫుట్‌బాల్ మైదానంలో ప్రత్యక్షమవుతాడు. తక్కిన ఆరు రోజులూ ఊరంతా ఆయన రాక కోసం ఎదురుచూస్తుంది, లేదంటే పోయిన వారం ఆయన చేసిన అన్యాయం గురించి మంగలి షాపులో కూర్చుని మొరపెట్టుకుంటుంది.

ఆ దేవుడు కాలు మోపే నేలను ఇరవై ఎనిమిదేళ్లుగా చూసుకుంటున్న మనిషి పేరు ఆర్డిత్ ప్రూయెట్. ఈ సంగతి ఊళ్లో తెలిసినవాళ్లు తక్కువ. మైదానం పచ్చగా ఉండటం ఆకాశం నీలంగా ఉండటం లాంటిదని, దానికి మనిషి అక్కర్లేదని జనం నమ్మకం. ఒకసారి కాలేజీ పత్రిక ముఖచిత్రంగా ఆ గడ్డి ఫొటో వేసి, కింద 'మా కోచ్ కృషి ఫలితం' అని రాసింది. ఆ కోచ్‌కి గడ్డికీ తోటకూరకూ తేడా తెలియదు. ఆర్డిత్ ఆ పత్రికను మూడు రోజులు బల్ల మీదే ఉంచి, నాలుగో రోజు దాని మీద తడి బూట్లు ఆరబెట్టింది.

ఆమెకు యాభై తొమ్మిదేళ్లు. సన్నటి మనిషి. మెడ వెనక చర్మం అలబామా ఎండకు ఇటుకరంగు తిరిగింది. ఆమె కొలువులో ఉండగా ఎనిమిది మంది కోచ్‌లు వచ్చారు, ఎనిమిది మందీ ఊరి భవిష్యత్తు మార్చేస్తామన్నారు. ఏడుగురిని ఊరు సాగనంపింది. గడ్డి మాత్రం అదే గడ్డి. ఆట రోజున అది ముప్పాతిక అంగుళం ఎత్తుండాలి. ఆర్డిత్ మోకాళ్ల మీద కూర్చుని ఇత్తడి స్కేలుతో కొలిచేది. ఒక కోతలో మూడో వంతుకు మించి తీయకూడదన్నది ఆమె నియమం. అంతకు మించితే పైనున్న పచ్చదనం పోయి, కింద ఎండుకాడలు బయటపడతాయి. పేనుకొరుకుడు పడ్డ తలలా ఉంటుంది మైదానం.

ఎనిమిదో కోచ్ గ్యారిక్ స్ట్రోడ్. మూడేళ్లలో ఆయన సాధించినవి రెండు: కొత్త వ్యాయామశాల, పాత ఓటమి. హోలిస్ జట్టు పేరు మ్యూల్స్, అంటే కంచరగాడిదలు. పేరు పెట్టిన మహానుభావుడు ముందుచూపున్నవాడు. నది అవతల ఉన్న మార్లో టెక్ కాలేజీ జట్టు పేరు నీలికొంగలు. ఈ కొంగలు ఆ గాడిదల్ని వరుసగా ఏడేళ్లు ఓడించాయి. ఎనిమిదో ఏడు ఆట హోలిస్ సొంత మైదానంలో. సెప్టెంబరు ఆఖరి శనివారం.

ఇంకా పదకొండు రోజులుందనగా, ఒక మంగళవారం పొద్దున, కోచ్ స్ట్రోడ్ డోనట్ల డబ్బా పట్టుకుని మైదానం మధ్యకు నడిచి వచ్చాడు. మూడేళ్లలో ఆయన ఆర్డిత్‌తో మాట్లాడటం అదే మొదలు.

"మిస్ ఎడిత్! ఏం గడ్డండీ ఇది! నడుస్తుంటే పట్టుపరుపు మీద నడిచినట్టుంది."

"ఆర్డిత్."

"అదే, అదే. ఒక డోనట్ తీసుకోండి."

ఆర్డిత్ తీసుకోలేదు. చేతికి ఎరువు అంటుకుని ఉంది. ఇంతటివాడు తన దగ్గరికి మోసుకొచ్చిన డబ్బాలో డోనట్లు మాత్రమే ఉంటాయని ఆమెకు నమ్మకం కుదరలేదు కూడా.

"ఒక చిన్న సాయం మిస్ ఆర్డిత్. ఆ కోసే మిషనుంది చూశారూ, దానికి ఓ పది రోజులు విశ్రాంతి ఇద్దాం. పాపం, రోజు మార్చి రోజు తిరుగుతోంది."

"మిషనుకు పాపం ఏవిటండీ?"

కోచ్ నవ్వి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. ఎనభై వేల ఖాళీ కుర్చీలు తప్ప వినేవాళ్లెవరూ లేరు. "రెండంగుళాలు పెరగనివ్వండి. ఎరువు కాస్త దండిగా పట్టించండి. ఆట ముందు శుక్రవారం సాయంత్రం నీళ్లు పెట్టండి. బురద అక్కర్లేదు. బురదకి ఒక్క మెట్టు ఇవతల."

ఎందుకో ఆర్డిత్‌కు చెప్పనక్కర్లేదు. కొంగల జట్టులో కోర్డెల్ మింటర్ ఉన్నాడు. ఇక్కడి ఫుట్‌బాల్ చేతులతో ఆడేది; బంతి చంకలో పెట్టుకుని పరుగెత్తితే అతన్ని పట్టుకునేవాడు ఆ చుట్టుపక్కల నాలుగు రాష్ట్రాల్లో లేడు. తమాషా ఏమిటంటే కోర్డెల్ హోలిస్ ఫెర్రీ కుర్రాడే. తల్లి నెడ్రా కాలేజీ క్యాంటీన్లో వంట చేస్తుంది. స్కూలు ముగిశాక అతను ముందు ఈ కాలేజీ గుమ్మమే ఎక్కాడు. స్ట్రోడ్ అతన్ని పైనుంచి కిందికి చూసి, ఆ చూపు చప్పున ముగిసిపోయేసరికి, "జేబులో పెట్టుకోవడానికి బాగుంటాడు గానీ జట్టులో పెట్టుకోవడానికి కాదు" అన్నాడు. జేబులో పట్టేవాడు నది దాటి వెళ్లి కొండంత అయ్యాడు. పోయినేడాది మోకాలికి ఆపరేషనైతే ఎనిమిది నెలలు మంచం పట్టి, లేచి మళ్లీ పరుగెత్తుతున్నాడు.

"పొడుగు గడ్డి, పైగా తడి. బూటు కింద మేకులు ఇరుక్కుంటాయి కోచ్ గారూ" అంది ఆర్డిత్. "బూటు ఆగుద్ది. మోకాలు ఆగదు."

"ఎవరి మోకాలు?"

"అది గడ్డికి తెలియదండి."

"మనవాళ్లకి దాని మీదే ప్రాక్టీసు పెట్టిస్తాంగా. అలవాటు పడతారు."

"అయితే కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి."

కోచ్ ముఖంలో ఎంత బాధ కనిపించిందంటే, చూసినవాళ్లు ఆయన తల్లిని ఎవరో తిట్టారనుకుంటారు. "కాగితాలెందుకు మిస్ ఆర్డిత్? మనదంతా ఒక కుటుంబం కాదూ!" అని, ఆ కుటుంబంలో ఆమె పేరు పట్టుమని పది నిమిషాల కిందటే నేర్చుకున్న పెద్దమనిషి, డోనట్ల డబ్బా గడ్డి మీదే వదిలేసి వెళ్లిపోయాడు. దాని కింద గడ్డి పసుపు తిరుగుతుందని ఆర్డిత్ వెంటనే తీసేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి మొగుడు డ్యూయీకి చెప్పింది. డ్యూయీ పోస్టుమన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు ఊరి ఉత్తరాలు మోసినవాడికి ఇప్పుడు మోయడానికి కంచరగాడిదల పరువు ఒక్కటే మిగిలింది. అతని తమ్ముడు కొంగల పక్షం. ఓడినవాడు మర్నాడు గెలిచినవాడి టోపీ పెట్టుకుని చర్చికి వెళ్లాలని ఇద్దరికీ పందెం. ఏడేళ్లుగా డ్యూయీ ముక్కు పొడుచుకొచ్చిన నీలికొంగ టోపీతో ప్రభువు ముందు మోకరిల్లుతున్నాడు.

వేయించిన చేప నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయాడు. "అంటే, మనం గెలిచేది నీ చేతుల్లో ఉందా?"

"నా చేతుల్లో మిషనుంది. అంతే."

"ఏమే, ఇరవై ఎనిమిదేళ్లకి నా పెళ్లాం ఆటలోకి దిగిందే! కోయకు. బంగారూ, ఆ గడ్డి ముట్టుకోకు. నీ కాళ్లు పడతా."

"నెడ్రా కొడుకు మోకాలయ్యా అది."

"మోకాలు విరగాలని ఎవరన్నారు? కొంచెం... నెమ్మదిస్తే చాలు. మనిషన్నాక ఎప్పుడో అప్పుడు నెమ్మదించాలా వద్దా? నేను నెమ్మదించలేదూ?"

"నువ్వెప్పుడు పరిగెత్తావు గనక?"

ఆర్డిత్ పుణ్యాత్మురాలని చెప్పడానికి ఈ కథ చెప్పడం లేదు. ఆమె గడ్డి కోయలేదు. పింఛనుకు ఇంకా రెండేళ్లుంది. పైగా ఏడేళ్ల కొంగ టోపీ పక్కన కూర్చుని ప్రార్థన చేసింది తనే కదా, ఒక్కసారి గెలిస్తే బాగుండునని ఆమెకూ ఉంది. అన్నిటికన్నా మించి, పెరిగిన గడ్డి చూడ చక్కగా ఉంది. ముదురాకుపచ్చ రంగు తిరిగి, గాలికి అలలు పోతోంది. కాలేజీ ప్రెసిడెంటు తన కిటికీలోంచి చూసి, "ఈ ఏడు మైదానం కళ వేరు" అని కబురంపాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసిన పనికి రాని మెప్పు, పని మానేసిన ఎనిమిదో రోజున వచ్చింది.

ఊరు మాత్రం యుద్ధానికి సిద్ధమవుతోంది. జట్టు చిహ్నమైన కంచరగాడిద సార్జెంటుకు రెండుసార్లు షాంపూతో స్నానం చేయించారు. ఆటగాళ్లు మానసికంగా బలపడాలని పక్క రాష్ట్రం నుంచి ఒక వక్తను పిలిపించారు. ఆయన వాళ్లను నిప్పుల బదులు ఐసు గడ్డల మీద నడిపించాడు, ఇద్దరికి జలుబు చేసింది. మరీ పెద్ద ఆట గనక వారం మొత్తం పాఠాలు చెప్పడం మంచిది కాదని ప్రొఫెసర్లు ఏకగ్రీవంగా గ్రహించారు. గురువారం పోయిన పళ్ల డాక్టరు అంత్యక్రియల్ని ఆదివారానికి వాయిదా వేశారు. బతికుంటే ఆయనా అదే కోరేవాడని భార్యే చెప్పింది. నిజానికి ఆయనకు అంత అభిమానం లేదని, ఆమెకే ఉందని ఊరందరికీ తెలుసు.

శుక్రవారం మధ్యాహ్నానికి గీతలన్నీ గీయడం అయిపోయింది. మైదానం నడిమధ్య నలభై అడుగుల కంచరగాడిద తల, పొడుగాటి చెవులతో సహా, తెల్లరంగులో తయారైంది. మూడు గంటలకు కొంగల జట్టు మైదానం చూసుకోవడానికి వచ్చింది. అది రివాజు. ఒక గంట అటూ ఇటూ నడిచి వెళ్లిపోతారు.

కోర్డెల్ మింటర్ అందరికన్నా పొట్టి. గీత దాటి రెండడుగులు వేశాడు, ఆగాడు, వంగి గడ్డిలో వేళ్లు పెట్టి చూశాడు. తర్వాత తలెత్తి, సామాన్ల గది దగ్గర నిలబడ్డ ఆర్డిత్‌ని చూసి నేరుగా వచ్చాడు.

"బావున్నారా మిస్ ఆర్డిత్?"

"బావున్నానయ్యా. అమ్మ ఎలా ఉంది?"

"బావుంది. రేపటి ఆటకి ఏ చొక్కా వేసుకోవాలో తేల్చుకోలేక చస్తోంది. జీతం ఇచ్చేది వీళ్లు, కన్నది నన్ను." నవ్వి, గడ్డి వంక తల ఊపాడు. "మీ మిషను పాడైందా?"

ఆ అడగటంలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే ఆర్డిత్‌కు సులువయ్యేది, తిరిగి ఏదో ఒకటి అనేసేది. అతను నిజంగానే మిషను పాడైందేమో అనుకుంటున్నాడు. వేరే కారణం ఉంటుందని, అందులోనూ మిస్ ఆర్డిత్ గడ్డి విషయంలో, అతనికి తోచలేదు.

"ఆఁ... కొంచెం" అంది ఆర్డిత్.

"మా నాన్నకి మిషన్లు బాగా తెలుసు. చూడమని పంపనా?"

"వద్దులే నాయనా."

అతను వెళ్లి, గడ్డి మీద నాలుగు గజాలు మెల్లగా పరుగెత్తి, చటుక్కున పక్కకు తిరగబోయి, తిరక్కుండా ఆగిపోయాడు. ఎడమ మోకాలి మీద చెయ్యి వేసుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. ఏమీ కాలేదు. మళ్లీ నడిచాడు. ఆర్డిత్ అది చూసింది.

సాయంత్రం ఐదింటికి నీళ్లు వదలాలి. ఆమె పంపు గదిలోకి వెళ్లి, చక్రం మీద చెయ్యి వేసి, చాలాసేపు నిలబడి, చెయ్యి తీసేసి ఇంటికి పోయింది. డ్యూయీ వాకిట్లోనే ఎదురొచ్చాడు.

"తడిపావా?"

"కూర మాడుతున్నట్టుంది, చూడు" అంది.

తెల్లవారి ఆరింటికి, తూర్పున వెలుగు రేఖ పడుతుండగా, ఆర్డిత్ మిషనెక్కింది. ఆమె చేయబోయేది ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. రెండంగుళాల గడ్డిని ఒక్క కోతలో ముప్పాతిక అంగుళానికి దించడమంటే, ఇరవై ఎనిమిదేళ్ల నియమాన్ని తన చేత్తో తుంచడం. మొదటి వరస కోసి వెనక్కి తిరిగి చూసింది. పచ్చటి తివాచీ మధ్యలో ఎండుగడ్డి రంగు చార. దేశమంతా టీవీలో చూసే రోజున. రెండో వరస కోసింది.

ఏడింటికి ఆమె కింద పనిచేసే ఓరిన్, పీట్ అన్నదమ్ములు వచ్చి, నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు.

"మిస్ ఆర్డిత్, మీకు ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు ఓరిన్.

"నాకు బాగుంది. గీతలన్నీ పోయాయి. రంగు డబ్బాలు తియ్యండి."

"గాడిద చెవులు కూడా పోయాయండీ" అన్నాడు పీట్.

"ముందు గీతలు. చెవులు లేకపోయినా ఆట జరుగుద్ది."

గీతలూ, గాడిద ముఖమూ పూర్తయ్యేసరికి పదిన్నర. చెవులకు వేళ మిగల్లేదు. నడిమధ్యనున్న బొమ్మ కంచరగాడిదకు తక్కువ, ఉడతకు ఎక్కువ అన్నట్టుంది. సరిగ్గా అప్పుడే కోచ్ స్ట్రోడ్ కొత్త కోటు తొడుక్కుని సొరంగ మార్గంలోంచి బయటికొచ్చాడు.

ఆయన మైదానాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి చూశాడు. తర్వాత చాలా అన్నాడు. అందులో అచ్చుకెక్కే మాటలివి: "ఏం చేశావ్? నా వ్యూహం! నా వ్యూహం మొత్తం! పదిరోజులుగా వాడు నెమ్మదిగా వస్తాడనే లెక్కమీద మా వాళ్లకి నేర్పించాను!"

"వేగంగా వస్తాడేమోనని కూడా కొంచెం నేర్పించాల్సింది కోచ్ గారూ."

"మళ్లీ పెంచు!"

ఆయన అంత కోపంలో ఉన్నా ఆర్డిత్‌కు జాలేసింది. గడియారం చూసి, "నాలుగు గంటల్లోనా అండీ?" అంది.

ఆట గురించి ఎక్కువ చెప్పడం ఊరి గాయం మీద ఉప్పు చల్లడమే. కోర్డెల్ మింటర్ ఆ పొట్టి గడ్డి మీద బంతితో మూడుసార్లు చివరి గీత దాటాడు. నెమ్మదిగా వచ్చేవాడిని పట్టుకోవడంలో ఆరితేరిన హోలిస్ యోధులు, అతను వెళ్లిపోయిన చోటును గట్టిగా వాటేసుకున్నారు. మూడోసారి అతను పక్కకు తిరిగిన తిరుగుడుకు ఎనభై వేల మంది ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. ఆర్డిత్ ఆ ఎడమ మోకాలినే చూస్తోంది. బూటు నేలను పట్టింది, వదిలింది. మోకాలు నిలిచింది. కొంగలకు ముప్పై ఎనిమిది, గాడిదలకు ఏడు. ఆ ఏడు కూడా, నాలుగేళ్లుగా బల్ల మీద కూర్చోబెట్టిన ఒక బక్క ఆటగాడిని ఎవరో పొరపాటున లోపలికి పంపితే, వాడు డెబ్భై గజాలు పరుగెత్తినందువల్ల వచ్చింది. ఆ పరుగు గడ్డి చలవే అని ఎవరూ అనలేదు.

సామాన్ల గదిలో చిన్న టీవీ ఉంది. "ఈ మైదానానికి పచ్చకామెర్లు వచ్చినట్టున్నాయే!" అన్నాడు వ్యాఖ్యాత. "ఆ బొమ్మ ఏవిటి, ఎలుకా?" అన్నాడు రెండోవాడు. ఇద్దరూ నవ్వారు. ఆర్డిత్ లేచి టీవీ కట్టేసింది. మోకాలు నిలిచిందన్న సంతోషం ఒకవైపు ఉన్నా, ఆ నవ్వు ఆమెకు చాలా రోజులు గుచ్చుకుంది. అదీ నిజమే.

ఆదివారం డ్యూయీ ఎనిమిదోసారి కొంగ టోపీ పెట్టుకుని చర్చికి వెళ్లాడు. భార్యతో మాట్లాడలేదు. మౌనవ్రతం తొమ్మిది రోజులనుకున్నాడు గానీ, మూడో రోజు కళ్లజోడు కనిపించక భంగమైంది.

సోమవారం ఆమెను క్రీడా విభాగం అధిపతి గదికి పిలిచారు. హాస్కెల్ డన్నింగ్ అనే ఆ అధిపతి, పక్కన కోచ్, ఇంకో పక్క కాలేజీ వకీలు. వకీలమ్మ పుస్తకం తెరిచి అడిగింది:

"శనివారం ఉదయం మీరేం చేశారు?"

"గడ్డి కోశానండి."

"ఎందుకు కోశారు?"

"గడ్డి కోయడం నా ఉద్యోగమండి."

"కోయవద్దని మీకు ఎవరైనా చెప్పారా?"

ఆర్డిత్ కోచ్ వంక చూసింది. కోచ్ కిటికీ వంక చూశాడు. వకీలమ్మ ఇద్దరినీ చూసి, ఇలాంటివి చాలా చూసినదానిలా, ఆయన వైపు తిరిగింది. "కోచ్ గారూ, మీరేమైనా చెప్పారా? చెబితే ఎందుకు చెప్పారో కూడా రాసుకుంటాను."

కోచ్ కోటు బొత్తాలు విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. వకీలమ్మ పుస్తకం మూసేసింది. ఆర్డిత్‌కు శిక్ష పడలేదు. మెప్పు ముందే లేదు గనక అదీ పోలేదు.

అయితే ఎనిమిదేళ్ల ఓటమికి ఎవరో ఒకరు బాధ్యత వహించాలి. నవంబరులో స్ట్రోడ్‌ను పూలదండలతో, ఉపన్యాసాలతో సాగనంపారు. వెళ్తూ ఆయన మనదంతా ఒక కుటుంబమని మళ్లీ చెప్పాడు. తర్వాత పద్నాలుగు మందితో వేసిన సంఘం చలికాలమంతా కూర్చుని లోపం ఎక్కడుందో కనిపెట్టింది. కోచ్‌లో కాదు, ఆటగాళ్లలో కాదు, గడ్డిలో. ఆడలేక మద్దెల ఓడన్న సామెతను నివేదికగా రాస్తే నూట పన్నెండు పేజీలవుతుందని అప్పుడే తెలిసింది. గడ్డి పీకేసి ప్లాస్టిక్ పచ్చిక పరచాలని తీర్మానించారు. దానికి కోత అక్కర్లేదు, నీళ్లక్కర్లేదు, ఏ కోచ్ అడిగినా పెరగనూ పెరగదు.

ఫిబ్రవరిలో యంత్రాలు వచ్చి ఇరవై ఎనిమిదేళ్ల నేలను చాపలా చుట్టేశాయి. ఆర్డిత్ గట్టు మీద నిలబడి చూసింది. ఏడవలేదు. చుట్టేవాడు వేర్లు తెగేలా చుడుతున్నాడని రెండుసార్లు అరిచింది, అంతే. ఆ గడ్డిని అడుగు ముక్కలుగా కోసి, 'చారిత్రక పచ్చిక' అని అట్టపెట్టెల్లో పెట్టి అభిమానులకు అమ్మారు. ఊరు ఎగబడి కొన్నది. డ్యూయీ కూడా వరసలో రెండు గంటలు నిలబడి ఒకటి కొనుక్కొచ్చాడు.

ఆర్డిత్ ఆ పెట్టె చూసి, చాలా రోజుల తర్వాత, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"ఓరి పిచ్చోడా! ఇరవై ఎనిమిదేళ్లు రోజూ నా బూట్లకంటుకుని ఉత్తపుణ్యానికి ఇంటికొచ్చింది కదయ్యా ఇది! గుమ్మం దగ్గర దులుపుకోమని నన్ను తిట్టావు కూడా."

డ్యూయీ ముఖం ఎర్రబడింది. "అప్పుడు నీదని తెలియలేదే" అన్నాడు నేల చూస్తూ. ఆ మాటకు అర్థమేమిటో అతనికే సరిగ్గా తెలిసినట్టు లేదు. అయినా ఆర్డిత్ నవ్వడం ఆపి, అతనికి ఇంకో గ్లాసు చల్లటి టీ పోసింది.

ప్లాస్టిక్ పచ్చికను ఊడ్చే ఉద్యోగం ఇస్తామన్నారు. వద్దని, పింఛను కాస్త తగ్గినా పర్వాలేదని ముందే రిటైరయింది. ఇప్పుడు ఊరి చివర ప్రభుత్వ స్కూలు మైదానం చూసుకుంటోంది. అక్కడ ఆడపిల్లలు కాలితో తన్నే ఫుట్‌బాల్ ఆడతారు. టీవీ రాదు, వక్తలు రారు. వాళ్లకు ఆట నేర్పేది లుసిండా ఫై అనే లెక్కల టీచరు.

మొదటి వారంలోనే వాన పడింది. మర్నాడు లుసిండా పిల్లలందరినీ గట్టు అవతలే ఆపి, తనొక్కతే ఆర్డిత్ దగ్గరికి వచ్చింది.

"మేడమ్, ఇవాళ ఆడొచ్చాండీ? నేల మీకు తెలుస్తుంది గానీ నాకు తెలియదు."

ఆర్డిత్ మోకాళ్ల మీద కూర్చుని, అరచెయ్యి నేలకు ఆనించి, అవసరమైన దానికన్నా ఎక్కువసేపే చూసింది.

"ఇవాళ వద్దమ్మా. రేపు మధ్యాహ్నానికి ఆరుద్ది."

లుసిండా సరేనని తల ఊపి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఇరవై మంది పిల్లలు మూలుగుతూ, గొణుగుతూ, బంతులు చంకన పెట్టుకుని లోపలికి పోయారు. ఒక్కరూ గీత దాటలేదు. ఆర్డిత్ అక్కడే కూర్చుని వాళ్లు వెళ్లిన వైపే కాసేపు చూసింది. తర్వాత లేచి, మోకాళ్లకంటిన మట్టి దులుపుకుని, పనిలో పడింది.